ఒదీల్ వంగే చోటు

మా ఊళ్ళో బుట్టలల్లే ఒదీల్ కంటే పొడుగైన మనిషి లేడు. యుద్ధానికి ముందు పండగ ఊరేగింపులో చర్చి జెండా ఎప్పుడూ అతనే మోసేవాడు. అంత పొడుగు మనిషి, యుద్ధం నుంచి తిరిగొచ్చాక, మిల్లుకు వెళ్ళే దారిలో ఒకచోట మాత్రం నడుం విరిగినట్టు వంగిపోయేవాడు.

అక్కడ ముళ్ళపొదల కంచెలో ఆవులు తొక్కి చేసిన సందు ఒకటుంది. దాని దగ్గరికి రాగానే ఒదీల్ మోకాళ్ళ మీదికి వంగి గబగబా దాటేసేవాడు. దాటాక నిటారుగా నిలబడి, ఆపిన మాట ఆపిన చోటునుంచే అందుకునేవాడు. బీరులో వేసే ఎండు హాప్ తీగల రేటు గురించి చెబుతూ మధ్యలో వంగి లేచినా లెక్క తప్పేది కాదు.

ఎందుకని ఎవరూ అడగలేదు. అడగలేదే కానీ అందరికీ తెలుసుకోవాలనే ఉండేది. సందులోంచి దయ్యం కనబడుతుందని కమ్మరి అనేవాడు. తలకు దెబ్బ తగిలిందని పాలవాడి మాట. సారాకొట్టులో కుర్రాళ్ళు, "తూర్పుగాలి వీస్తోంది, తల భద్రం ఒదీలూ" అని వేళాకోళమాడితే అతనూ నవ్వేసి గ్లాసు ఎత్తేవాడు. అతనితో ఉండే అక్క సిదోనీ ఆ పొలం రైతును బతిమాలి ఆ సందులో కొత్త మొక్కలు నాటించింది. మొక్కలు ఏపుగా పెరిగి సందు పూడిపోయింది. ఒదీల్ ఆ మొక్కల ముందు కూడా వంగాడు. మరుసటేడు ఆవులు మళ్ళీ తొక్కేశాయి.

ఎమెరెన్స్ మా వీధి చివర కొట్టు నడిపే జెర్మెన్ కూతురు, యుద్ధం అయ్యాక పుట్టిన పిల్ల. బడికి అదే దారి. ఒక వసంతంలో ఆ పిల్ల ఒదీల్ వెనకాలే నడుస్తూ, అతను వంగిన చోట తానూ వంగి, లేచిన చోట లేవడం మొదలుపెట్టింది. చూసినవాళ్ళు వెళ్ళి తల్లికి చేరవేశారు. సైనికుణ్ణి వెక్కిరిస్తోందని జెర్మెన్ పిల్లను రెక్క పట్టుకుని ఒదీల్ పెరట్లోకి లాక్కొచ్చింది. మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య గోడ లేదు. నేను దుప్పట్లు ఆరేస్తున్నాను, కాబట్టి అంతా విన్నాను.

"క్షమించమని అడుగు" అంది తల్లి.

"నేను వెక్కిరించలేదమ్మా. మామయ్య వంగాడంటే అక్కడేదో ఉండాలి కదా. పెద్దవాళ్ళు ఊరికే వంగుతారా?" అని, ఒదీల్ వైపు తిరిగి అడిగింది: "ఏముంది మామయ్యా అక్కడ?"

జెర్మెన్ చెయ్యెత్తింది. ఒదీల్ వద్దన్నట్టు తల ఊపి, అల్లుతున్న బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అప్పుడు వాళ్ళిద్దరి తలలూ ఒక ఎత్తుకు వచ్చాయి.

"అవతల ఒకడుంటాడు. తల కనబడితే కాలుస్తాడు."

"వాడి పేరేంటి?"

"తెలీదు."

"అన్నానికి ఇంటికెళ్ళడా?"

ఆ సంగతి తానెప్పుడూ ఆలోచించలేదని ఒదీల్ ఒప్పుకున్నాడు. తరవాత, పిల్ల అడగకుండానే, తోటి సైనికుడు కమీల్ సంగతి చెప్పాడు. ఇద్దరూ నది ఒడ్డు కందకాల్లో ఉన్నారట. కమీల్ పొట్టి. కట్టలో గండి పడ్డ చోట ఒదీల్ వంగి నడవాలి, కమీల్‌కు ఆ బాధ లేదు. కానీ అక్కడ మోకాలి లోతు బురద, కమీల్ పాదాలు కుళ్ళిపోతున్నాయి. బుట్టల పని తెలిసినవాడు కదా, ఒదీల్ విల్లో చెట్టు సన్నకొమ్మలతో మందంగా చాప అల్లి ఆ బురదలో పరిచాడు. కమీల్ దాని మీద నిలబడి బాగుందిరా అన్నాడు. చాప వల్ల మనిషి జానెడు ఎత్తు పెరిగాడన్నది ఇద్దరికీ తట్టలేదు.

జెర్మెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిదోనీ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నా ఆమెకూ ఇది తెలియదు. పిల్ల మాత్రం ఇంకా ఆలోచిస్తోంది.

"మరి కమీల్ మామయ్య కాళ్ళు తడవలేదా?"

ఒదీల్ ఆ పిల్ల వంక వింతగా చూశాడు. "లేదమ్మా" అన్నాడు. "పొడిగానే ఉన్నాయి." అని రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

మర్నాటి నుంచి ఎమెరెన్స్ ముందు నడిచింది. తాను పొట్టి కాబట్టి భయం లేదట, ముందు తను చూసి చెబుతుందట. సందు దగ్గర ఆగి కేకేసేది: ఎర్రావు ఉంది, ఫాదరుగారి లాగులు ఆరేశారు, వాన పడేలా ఉంది. ఒదీల్ వంగే దాటేవాడు, కానీ దాటుతూ ఇంకేమున్నాయని అడిగేవాడు. ఆవు నిలబడిందా, పడుకుందా? ఫాదరుగారి లాగులు ఎన్ని?

హాప్ తీగలు కోసే రోజుల్లో ఒకనాడు పిల్ల కేక మారింది. "మామయ్యా, మేక ఆవు మీదెక్కి నిలబడింది."

"పోవే, అబద్ధాలకోరు" అన్నాడు ఒదీల్, వంగే ఉండి.

"ఒట్టు. నాలుగు కాళ్ళూ దాని వీపు మీదే. ఆవుకు చీమ కుట్టినట్టయినా లేదు."

మేం తోటకు వెళుతూ వెనకాలే వస్తున్నాం. ఒదీల్ మెల్లిగా లేచాడు. మోకాళ్ళు, నడుం, భుజాలు, ఆఖర్న తల. కంచె మీదుగా చూశాడు. మేక నిజంగానే ఉంది. అది దిగి గడ్డి మేసేదాకా చూస్తూ అక్కడే నిలబడ్డాడు. మేమెవరమూ కదలలేదు.

దాంతో అంతా నయమైపోయిందని కాదు. పొగమంచు కప్పిన రోజుల్లో చివరిదాకా వంగుతూనే ఉండేవాడు, టపాకాయలు పేలితే బల్ల కింద దూరేవాడు. కానీ ఆ శరత్కాలంలో మంచి చొక్కా తొడుక్కుని, రైలెక్కి, కమీల్ తల్లిని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడకు చెవుడు. చాప సంగతి గుండె చిక్కబట్టుకుని చెబితే వినబడలేదట. మళ్ళీ గట్టిగా చెప్పమందట. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచి చూసేంత గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చిందని ఒదీల్ మాతో అన్నాడు. అంతా విన్నాక ఆవిడ లేచి, ఇంకో గిన్నెలో సూపు పోసి అతని ముందు పెట్టి, కమీల్ అక్కడ అల్లరి పనులేమేం చేసేవాడో అవి కూడా చెప్పమంది. అవన్నీ అరుస్తూ చెప్పేసరికి ఒదీల్‌కు ఆఖరి రైలు తప్పిపోయి, ఆ రాత్రి వాళ్ళ వంటింట్లో పొయ్యి పక్కనే పడుకున్నాడు.