గోడౌన్ జ్వరం

నాగవేణికి కోపం ఎక్కువని వన్‌టౌన్ బట్టల బజారులో అందరికీ తెలుసు. పెడన నేతవాళ్ల ఆడపడుచు. ఇంట్లో మగ్గం ఆగిపోయాక భర్త ఉమామహేశ్‌తో విజయవాడ వచ్చి, శేషగిరిరావు హోల్‌సేల్ చీరల కొట్లో పనికి కుదిరింది. పని వెనక సందులోని గోడౌన్‌లో. పొద్దున్నే ఊడవడం, బేళ్లు విప్పడం, చీరలు మడతపెట్టడం. ఊడుస్తుంటే బేళ్ల సందుల్లోంచి ఎలుక పెంటికలు చేటల కొద్దీ వచ్చేవి. లేచిన దుమ్ముకు గొంతు పట్టేసేది. ఆమె ఎన్నిసార్లో చెప్పింది. శేషగిరిరావు ఒకసారి వచ్చి, ఎలుకలు కొరికిన చీరలు వేరు చేయించి వెళ్లిపోయాడు.

వానలు పడుతున్న రోజుల్లో జీవరత్నం మంచం పట్టాడు. అదే గోడౌన్‌లో బేళ్లు మోసే మనిషి. జ్వరం, నడుం నొప్పి అంటూనే పనిచేశాడు. తర్వాత మూత్రం ఆగిపోయి ఒళ్లంతా ఉబ్బింది. వారం తిరక్కుండా పోయాడు. చేర్చిన ఆసుపత్రిలో డెంగీ అయి ఉంటుందన్నారు. పరీక్ష చేశారా అని అతని భార్య శౌరమ్మను నాగవేణి అడిగింది. ఏం చేశారో ఆమెకు తెలియదు. కొట్లో మాత్రం వాళ్ల పేటలో దోమలు ఎక్కువని తేల్చేశారు. 

కొన్నాళ్లకు ఆమెకూ జ్వరం వచ్చింది. అదే నడుం నొప్పి. మూత్రం తగ్గగానే ఇక ఆగకుండా పెద్దాసుపత్రికి పోయింది. డాక్టరు శాంభవికి మొట్టమొదట చెప్పింది జీవరత్నం సంగతే. డెంగీ పరీక్ష చేశారు, ఎలుక జ్వరం పరీక్ష చేశారు. రెండూ నెగెటివ్.

ఎవరు చేరవేశారో గానీ, కొట్టు మేనేజరు ఉదయభాస్కర్ బత్తాయిలు పట్టుకుని వార్డుకొచ్చాడు.

“ఎలుక జ్వరం కాదని తేలిపోయిందిగా అక్కా. ఇంక గోడౌన్ మాట ఎక్కడా ఎత్తకండి. అసలే పెళ్లిళ్ల సీజను.”

లేచి కూర్చునే ఓపిక ఉంటే ఆ బత్తాయిలు అతని మొహానే కొట్టేది.

శాంభవి అంతటితో వదల్లేదు. ఎలుకల వల్ల వచ్చే జబ్బు ఒక్కటే కాదని, హంటా అనే వైరస్ కూడా ఉందని చెప్పింది. ఎలుకల మూత్రం, పెంటికలు ఎండి దుమ్ములో కలిస్తే, అది పీల్చినవాళ్లకు అంటుకోవచ్చు. వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. రక్తంలో అవి ఉన్నాయో లేదో చూసే పరీక్ష ఇక్కడ లేదు, బయటికి పంపాలి. ఇప్పుడొకసారి, రెండు వారాలాగి మరొకసారి రక్తం తీస్తామంది. రెండోసారికి బాగా పెరిగితే ఈ జ్వరం దానివల్లే వచ్చిందని అనుకోవచ్చు. పెరక్కపోతే ఎప్పుడో అంటుకున్నది కావచ్చు.

“మా ఆయనది కూడా తియ్యండి మేడం. రేపు మా ఇంట్లోనే అంటిందంటారు కొట్టువాళ్లు” అంది నాగవేణి.

మూత్రపిండాలు మెల్లగా దారికొచ్చాయి. రిపోర్టులు వచ్చేసరికి ఆమె ఇంట్లో ఉంది. మొదటి రక్తంలో కొద్దిగా ఉన్న యాంటీబాడీలు రెండోదానిలో ఎన్నో రెట్లు పెరిగాయి. ఉమామహేశ్ రక్తంలో అసలు లేవు.

మర్నాడే కొట్టుకు వెళ్లింది. గల్లాపెట్టె దగ్గర శేషగిరిరావు ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఇళ్లల్లో మాత్రం ఎలుకలు ఉండవా అని ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“మా ఇంట్లోదైతే మా ఆయనకెందుకు లేదండీ? గోడౌన్‌లో ఉన్నవాళ్లందరికీ రక్తం పరీక్ష చేయించండి.”

“సీజను అయిపోనీ నాగవేణీ. ఇప్పుడీ మాట బయటికి పొక్కితే బేరాలు ఉంటాయా?”

“జీవరత్నం పోయినప్పుడు కూడా బేరాలే చూసుకున్నారు మీరు.”

కొట్లో ఉన్న గిరాకీలు అటు తిరిగి చూశారు. నాగవేణి నేరుగా గోడౌన్ దగ్గరికి వెళ్లి, తనతో పనిచేసినవాళ్లను బయటికి పిలిచి జరిగిందంతా చెప్పింది. పొడి చీపురు ముట్టుకోవద్దంది. కడిగేదాకా బేళ్లు విప్పవద్దంది. కొందరు భయపడ్డారు, కొందరు విసుక్కున్నారు. అయినా ఆ రోజు ఎవరూ లోపలికి పోలేదు. శాంభవి పై ఆఫీసుకు రాసిన మీదట ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి అందరి రక్తం తీశారు. ఇంకో ఇద్దరిలో యాంటీబాడీలు కనిపించాయి. అప్పుడు గానీ శేషగిరిరావు బేళ్లన్నీ బయటికి తీయించి, బ్లీచింగ్ నీళ్లు చల్లి తడిగా తుడిపించి, గోడల కన్నాలు సిమెంటుతో పూడ్పించలేదు. నాగవేణిని మాత్రం మళ్లీ పనిలోకి పిలవలేదు. ఆమె అడగనూ లేదు. కంకిపాడులో ఒక రెడీమేడ్ బట్టల కొట్లో చేరింది.

గోడౌన్‌లో రక్తపరీక్షల సంగతి విని ఒక ఆదివారం శౌరమ్మ నాగవేణి ఇంటికి వచ్చింది. కూర్చోగానే అడిగింది.

“ఆయనకీ అదేనా వదినా? ఇప్పుడు తెలుసుకోవచ్చా?”

నాగవేణి ఆ మాట శాంభవిని ముందే అడిగింది. జీవరత్నం చేరిన ఆసుపత్రిలో అతని రక్తం దాచలేదు. ఇక ఏ పరీక్షతోనూ అది తేలదు.

“తెలీదు శౌరమ్మా. అప్పుడే చూడాల్సింది. చూడలేదు వెధవలు” అంది.  శౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ చీకటిపడే దాకా అక్కడే కూర్చున్నారు.