ట్రయల్ చూడందే బండి కదలదు

సామేలు అంకుల్ ట్రయల్ చూడందే ఏ పనీ చెయ్యరు. రేపు క్షవరం చేయించుకోవాలంటే ఇవాళే సెలూన్‌కి వెళ్లి, కుర్చీలో కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి, అద్దంలో చూసుకుని వచ్చేస్తారు. క్రిస్మస్ బిర్యానీ డిసెంబరు పద్దెనిమిదినే ఒకసారి వండించి తిని, ఇరవై అయిదున ఏమీ ఎరగనట్టు మళ్లీ తింటారు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు ఇంట్లో కూర్చుని దగ్గి చూసుకుంటారు.

ముప్పై నాలుగేళ్లు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో బోగీలు బాగుచేసిన మనిషి. బాగుచేసిన బోగీని పట్టాల మీద నడిపి చూసి, దాని ఒంటి మీద సుద్దముక్కతో ‘ఫిట్’ అని రాశాకే బయటికి వదిలేవారట. రిటైరయ్యాక బోగీలు పోయాయి, సుద్దముక్క జేబులో ఉండిపోయింది. తార్నాక స్ట్రీట్ నంబర్ మూడులో ఆయన ఇంటి గేటు మీద ఫిట్, గ్యాస్ సిలిండరు మీద ఫిట్, మామిడికాయ పచ్చడి జాడీ మీద ఫిట్. అమల ఆంటీ కొత్త చీర కట్టుకున్న రోజు మాత్రం ఆయన చెయ్యి జేబులోకి పోకముందే ఆమె వంటింట్లోకి పోతారు.

“మా పెండ్లికే ట్రయల్ చూసిండు, ఏమనుకుంటున్నవ్?” అని ఆంటీ ఒకసారి చెప్పారు. “ముందు రోజు సూటేసుకొని చర్చికి పోయి, మా తమ్ముణ్ణి పెండ్లిపిల్ల జాగల నిలబెట్టిండు. ఫోటో గూడ ఉన్నది. మా తమ్ముడు సిగ్గుపడ్డంత నేను గూడ సిగ్గుపడలే.”

“మర్నాడు పెండ్లి రైట్ టైముకు అయిందా, కాలేదా?” అన్నారు అంకుల్ పేపర్ లోంచి తల ఎత్తకుండా.

ఈ ఇంటి మేడ మీది గదిలోనే నిరోష అద్దెకుంటోంది. ఆలేరు పిల్ల. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది. హాస్టల్లో సీటు దొరకక ఇక్కడ చేరింది. సెప్టెంబరులో ఒక పొద్దున ఆమెకు జర్మనీ నుంచి మెయిల్ వచ్చింది: మూడు నెలలు తమ ల్యాబులో ఇంటర్న్‌షిప్ చెయ్యడానికి రమ్మని. కిందికి పరుగెత్తి ఇద్దరికీ చదివి వినిపించింది.

“ఎన్నడు పోవాలె?” అన్నారు అంకుల్.

“నవంబరు అయిదు.”

“అంటే యాభై రెండు దినాలే. ట్రయల్స్‌కు చాలవు,” అని ఆయన గోడ మీది క్యాలెండరు దించారు.

ఆయనకు చాలని రోజులు నిరోషకు మరీ ఎక్కువనిపించాయి. ఎందుకంటే ఆ పిల్లకు కొత్తవాళ్లు ప్రశ్న అడిగితే నోరు పడిపోతుంది. వైవాలో ప్రాజెక్టు పేరేమిటని అడిగితే హాల్ టికెట్ నంబరు చెప్పింది. ఇప్పుడు వీసా ఇంటర్వ్యూ ఉంది, అక్టోబరు పదమూడున. అది పోతే సీటు లిస్టులో తర్వాతి పేరుకు పోతుంది. ఆ ఇంటర్వ్యూ భయంతోనే, ‘ఇంటి కారణాల వల్ల రాలేకపోతున్నాను’ అని ఒక మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్టుల్లో దాచుకుంది. రోజూ తీసి చదువుకునేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి ట్రయల్ చలికి. లాలాగూడలో ముఖేష్ అనే ఆయనకు ఐస్ ఫ్యాక్టరీ ఉంది. నిరోషకు స్వెట్టరు, కోటు, మంకీ క్యాపు, గ్లౌజులు తొడిగి, ఐసు దిమ్మల మధ్య నిలబెట్టి, అంకుల్ తలుపు దగ్గర వాచీ పట్టుకుని నిలుచున్నారు. చేపల మార్కెట్ వాళ్లు ఐసు ఎత్తుకుపోతూ, ఈ సరుకు ఎక్కడికి పోతుందో అన్నట్టు ఆమెను చూశారు.

“పది నిమిషాలైంది. ఎట్లున్నది బిడ్డా?”

“ముక్కు ఉన్నదో లేదో తెలుస్తలేదంకుల్!”

“ఉన్నది, నాకు కనిపిస్తున్నది. కాళ్లు?”

“అవైతే లేవు.”

“బూట్లు అన్‌ఫిట్,” అని ఆయన వెంటనే బయటికి లాగి, అప్పటికే ఫ్లాస్కులో తెచ్చిన చాయ్ చేతిలో పెట్టారు. కోటు వీపు మీద మాత్రం ‘ఫిట్’ పడింది. నిరోష ఆ కోటుతోనే సెవెన్ సీటర్ ఆటోలో ఇంటికొచ్చింది.

తర్వాత ఎయిర్‌పోర్టు ట్రయల్. పెట్టెలు నిజంగానే సర్ది, తార్నాకలో పుష్పక్ బస్సెక్కి, ముగ్గురూ శంషాబాద్ దాకా వెళ్లారు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను టికెట్ అడిగాడు.

“ఆజ్ నహీ జాతే సాబ్. అగ్లే మహీనే జాతే. ఆజ్ ట్రయల్,” అన్నారు అంకుల్, ప్రయాణం వచ్చే నెల అని ఎంతో మర్యాదగా వివరిస్తూ.

జవాను ముగ్గురినీ, మూడు పెట్టెలనూ, పెట్టెల మీది సుద్ద అక్షరాలనూ చూసి, అనుమానంతో ఇంకో ఇద్దరిని పిలిచాడు. పెట్టె తెరిపించారు. రెండు కిలోల కందిపొడి బయటపడింది. అదేమిటో వివరించడానికి అరగంట పట్టింది. తిరుగు బస్సులో అంకుల్ చాలా సంతోషంగా, “చూసినవా? అసలు రోజైతే బండి తప్పిపోతుండె. కందిపొడి అన్‌ఫిట్,” అన్నారు.

ఇక మిగిలింది ఇంటర్వ్యూ. అంకుల్ పెళ్లినాటి సూటు ఎక్కించి, బొత్తాలు పెట్టుకోవడం మానుకుని, నల్లకళ్లద్దాలతో డైనింగ్ టేబుల్ వెనక కూర్చున్నారు.

“పర్పస్ ఆఫ్ విజిట్?”

ఆయన గొంతు మార్చేసరికి నిరోషకు నోరు పెగల్లేదు. ఐస్ ఫ్యాక్టరీలోనే నయమనిపించింది.

అంకుల్ కళ్లద్దాలు తీసేశారు. ‘అన్‌ఫిట్’ అనలేదు. “ఇంకో ట్రయల్ చూద్దాం తియ్యి,” అన్నారంతే.

వారం తిరిగేసరికి తార్నాకకు ఏదో గాలి సోకింది. నిరోష ఇస్త్రీ బట్టల కోసం వెళ్తే పరశురాం మూట చేతికివ్వకుండా, “ముందుగాల చెప్పు. పోయినంక మల్లొస్తవా, ఆడనే ఉంటవా?” అన్నాడు. ఎదురింటి వైదేహి గారు, బ్యాంకులో పనిచేసే గుంటూరు ఆవిడ, గేటు దగ్గర ఆపి, “అక్కడ ఉండేది ఎక్కడమ్మా? ఖర్చులెవరు పెట్టుకుంటున్నారు?” అని కాగితం చూసి చదివినట్టు అడిగారు. చౌరస్తాలో మిర్చి బజ్జీలు వేసే రాములవ్వ అయితే ప్లేటు వెనక్కి లాక్కుంది.

“పర్పసు ఏంది బిడ్డా?”

“ఏంది అవ్వా?”

“ఏమో, నాకేమెర్క. పర్పసు చెప్తెనే చట్నీ.”

మొదటి రోజు నిరోష చట్నీ లేకుండానే తింది. రెండో రోజు నత్తి నత్తిగా ఏదో చెప్పింది. నాలుగో రోజుకి ఒళ్లు మండి, “మట్టిల కండ్లకు కనపడని జీవాలుంటయి అవ్వా! మందులు కొట్టకున్నా చేను ఏపుగ పెరిగేటట్టు చేస్తయి. అవి ఎట్ల పనిచేస్తయో నేర్చుకొని మల్ల ఈడికే వస్త. ఇగ చట్నీ ఎయ్యి!” అని ఒక్క గుక్కలో అరిచింది.

“గట్లనా! మంచి పనే,” అని రాములవ్వ రెండు గరిటెలు వేసింది.

పదమూడో తారీఖున అద్దం అవతల కూర్చున్న ఆఫీసరమ్మ తలెత్తి, “పర్పస్ ఆఫ్ విజిట్?” అంది. నిరోష చెవులకు ఆ గొంతు అచ్చం రాములవ్వ గొంతులాగే వినపడింది. మట్టి, జీవాలు, చేను, తిరిగి రావడం, అంతా ఇంగ్లిషులో గడగడా చెప్పేసింది. చెప్పి, అలవాటుగా చట్నీ కోసం చూసింది. పదిహేను రోజుల్లో పాస్‌పోర్టు వీసాతో ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రమే మిఠాయి డబ్బా పట్టుకుని రాములవ్వ బండి దగ్గరికి పోయి థాంక్స్ చెప్పింది.

“నాకెందుకు బిడ్డా థాంక్సు? ముందుగాల నేను వారం దినాలు మీ అంకుల్నే అడిగిన,” అంది అవ్వ. “‘నేను పిల్ల లెక్క నిలబడ్త, నువ్వు అడుగు’ అన్నడు. నేను జర గట్టిగ అడిగితె, ‘మెల్లగ అవ్వా, పిల్ల బెదురుతది’ అనుడు. నాకు అడుగుడు వచ్చేదాక నిన్ను నా బండి దిక్కే రానియ్యలే. ఆ వారం నీకు ఇంట్లనే బజ్జీలు చేసి పెట్టిన్రా లేదా?”

పెట్టారు. వరసగా ఏడు రోజులు. ఆంటీకి ఏమైందా అని నిరోష అప్పుడు అనుకుంది కూడా.

ఇంటికొచ్చి ఆంటీని నిలదీసింది. ఆంటీ నవ్వారు. “ఐస్ ఫ్యాక్టరీల గూడ ముందు రోజు ఆయనే నిలుచున్నడు, అరగంట. నాలుగు దినాలు తుమ్ముడే. నీకెంతసేపు అయితే మంచిగుంటదో చూసిండట. నువ్వు మెయిల్ చదివిన రోజు ‘రమ్మన్నరు’ అన్నవ్ గని ‘పోత’ అనలే బిడ్డా. ‘పిల్ల పోనంటదేమో, ట్రయల్ మీద ట్రయల్ పెడితె భయానికి తీరిక దొరకది’ అన్నడు.”

నిరోషకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, పైకి పోయి ముందు ఆ డ్రాఫ్టు మెయిల్ చెరిపేసింది. తర్వాత దిగొచ్చి, అంకుల్ ముందు నిటారుగా నిలబడింది.

“నా మీద ‘ఫిట్’ ఎప్పుడు రాస్తరంకుల్?”

“బండి పోయి మల్ల షెడ్డుకు రావాలె. అప్పుడు,” అన్నారాయన, సుద్దముక్క జేబులో ఇంకా లోపలికి తోస్తూ.

నవంబరు అయిదు పొద్దున గేటు దగ్గర అదే జవాను. “ఆజ్ అస్లీ హై?” అని, ఇవాళ అసలు ప్రయాణమేనా అన్నట్టు నవ్వుతూ టికెట్ చూశాడు. ఎవరూ ఏడవలేదు. వీడ్కోలుకు అంతకుముందే వరండాలో మూడు ట్రయల్స్ అయ్యాయి. ఉన్న ఏడుపంతా అక్కడే అయిపోయింది.

చెకింగ్ అంతా దాటి, కుర్చీలో కూర్చుని, నిరోష ఫోన్ చేసింది. “అంకుల్, బస్సెక్కిన్రా?”

“ఇంకా లేదు బిడ్డా. కింద అరైవల్స్ కాడ ఉన్నం. పలక పట్టుకొని నిలబడ్డ.”

“ఎవరొస్తున్నరు?”

“నువ్వే. ఫిబ్రవరి రెండుకు ట్రయల్.”

“పలక మీద ఏం రాసిన్రు?”

“నీ పేరు. పక్కన ‘ఫిట్’.”

ఆమె ఏదో అనబోయేలోగా అవతల ఫోన్ చేతులు మారింది. అమల ఆంటీ ఆయాసపడుతున్నారు. “నిరోషా, నువ్వన్న చెప్పమ్మా ఈ మనిషికి! ఖాళీ ట్రాలీ ఇచ్చి, నన్ను నీ జాగల నడిపిస్తుండు. ఇది మూడోసారి!”

“మరి ఎట్లొచ్చింది ఆంటీ ట్రయల్?”

“‘నిరోష ఇంకా నవ్వుకుంట వస్తది, మల్ల పోయి రా’ అంటుండు.”