బావ బిగించిన వైర్లు

మా బావ మెడ ఎప్పుడూ పైకే ఉంటుంది. గర్వం కాదు, వృత్తి. తెరచాప పడవల్లో స్తంభం నిలబెట్టి, దాన్ని పడిపోకుండా పట్టి ఉంచే స్టీలు వైర్లు బిగించడం ఆయన పని. పడవలో వెల్లకిలా పడుకుని, ఒక కన్ను మూసి, స్తంభం వెంట పైకి చూస్తాడు. వంకర ఉంటే "అబ్బే" అంటాడు. లేకపోతే ఏమీ అనడు. ఇంట్లో కూరకీ ఇదే పద్ధతి. కాపురానికి వచ్చినప్పటినుంచి మా అక్క ఆ మౌనాన్నే మెచ్చుకోలు కింద జమ కట్టుకుంటోంది.

ఆయన పనిచేసే పడవల యార్డులోనే, చివరి షెడ్డులో నేను తెరచాపలు కుడతాను. బావమరిదిని కాబట్టి ఆయన గురించి మంచి చెప్పే అలవాటు నాకు లేదు. అయినా న్యాయం న్యాయమే. ఆయన బిగించిన స్తంభం ఇంతవరకు ఒక్కటీ పడలేదు.

ముందు స్తంభం కొసనుంచి టేపు దించి పడవ రెండు అంచులకీ కొలుస్తాడు. అటూ ఇటూ సమానంగా రావాలి. తర్వాత వైర్ల అడుగున ఉన్న బిగింపు మరల్ని పానాతో తిప్పుతాడు, అటు అరచుట్టు, ఇటు అరచుట్టు. ఒక పక్కే తిప్పుతూ పోతే స్తంభం అటే ఒరిగిపోతుంది. అంతా అయ్యాక పానా తుడిచి, మెట్లు దిగి, పడవ లోపలి బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. కొత్త గిరాకీలు మొహమాటపడి సముద్రం వైపు తిరుగుతారు. వాళ్ళనుకునే పని కాదది. వైర్లు మరీ బిగిస్తే పడవ ఒళ్ళే వంగుతుంది. అది వంగితే గుమ్మం జరిగి బాత్రూం తలుపు పట్టేస్తుంది. తలుపు సాఫీగా పడిందంటే బిగింపు సరిపోయినట్టు. "తెగేదాకా లాగకూడదు" అని ఆ తలుపు వెనకనుంచే గిరాకీకి చెప్తాడు. ఈ ముక్కని మా ఇంటి తగాదాలన్నిటికీ కూడా వాడాడు.

ఇంత తెలిసినవాడు సముద్రం మీదకు మాత్రం వెళ్ళడు. రేవు గోడ దాటితే వాంతులు. పనిలో సగం అక్కడే ఉంది మరి. గాలికి పడవ ఒరిగినప్పుడు, గాలి తగలని పక్క వైరు కొంచెం సడలాలి గానీ వేలాడకూడదు. అది చూడటానికి నన్ను పంపుతాడు. తిరిగి రాగానే గట్టు మీదే నిలబెట్టి పోలీసు ప్రశ్నలు వేస్తాడు.

"వేలు పెట్టి నొక్కావా? ఎంత కదిలింది?"

"కొంచెం."

"నీ కొంచెమా, నా కొంచెమా?"

అక్క బడిలో డ్రాయింగు టీచరు. రిటైరవగానే తన స్నేహితురాలు నర్సమ్మతో కలిసి ఒక పాత పడవ కొనేసింది. ఇద్దరం తీరం వెంబడి పోయి, కొన్ని నెలలకి గాలి మళ్ళాక తిరిగొస్తాం అంది. బావని రమ్మనలేదు. రమ్మని ఏం లాభం? ఆయన గాలి మళ్ళేదాకా బకెట్‌తో కాపురం చేయాలి.

బావ "సరే" అన్నాడు. ఆ "సరే" నాకు నచ్చలేదు.

ఆ పడవ స్తంభం ఆయనే బిగించాడు. నన్ను దగ్గరకు రానివ్వలేదు. ఒక పూట పనికి పొద్దున కూర్చుని పొద్దుపోయేదాకా లేవలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి ఏదో తిప్పాడు. ఆ మర్నాడూ అంతే. చివరికి పానా తుడిచి, "అయింది" అని గట్టు మీదకు వచ్చేశాడు. బాత్రూంలోకి వెళ్ళలేదు. అది నేను చూశాను, అక్కా చూసింది. అక్క తనే లోపలికి దిగింది.

"ఏవండీ, ఈ తలుపు పడటం లేదు."

బావ తాడు చుడుతున్నాడు. "చెక్క ఉబ్బి ఉంటుంది. తేమ కదా."

"ఇది ఫైబరు తలుపు బావా," అన్నాను.

"ఫైబరూ ఉబ్బుతుంది."

ఆయన అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. పాపం, బొత్తిగా చేతకాలేదు.

వెళ్ళి వైరు మీద చెయ్యి వేశాను. కడ్డీలా ఉంది, రవ్వంత ఊగడం లేదు. నాకు ఒళ్ళు మండింది. ఇలాగే పంపిస్తే అలల దెబ్బకి నడిసముద్రంలో ఏదో ఒకటి ఊడుతుంది, స్తంభం ఆ ఇద్దరి నెత్తినా పడుతుంది.

"గిరాకీ పడవకి ఎవడైనా ఇలా చేస్తే పానా లాక్కుని తరిమేవాడివి. మా అక్కే దొరికిందా నీకు?"

బావ తాడు కింద పెట్టాడు. జవాబు నాకు చెప్పలేదు, అక్కకి చెప్పాడు.

"ఇంకో అరచుట్టు వేస్తే ఇంకొంచెం భద్రంగా ఉంటావనిపించింది. వేశాను. వేశాక మళ్ళీ అలాగే అనిపించింది."

"ఎన్నిసార్లు?"

"ఇప్పటికీ అనిపిస్తోంది."

అక్క మెట్ల మీద కూర్చుంది. "నన్ను మానేయమంటారా?"

"అంటే మానేస్తావా?"

"మానేయను."

"మరి అడగడం ఎందుకు?" అని పానా తీసుకుని పడవలోకి దిగాడు.

అటు అరచుట్టు, ఇటు అరచుట్టు, ఈసారి వెనక్కి. ప్రతిసారీ కాస్త ఆగి అక్క వైపు చూసేవాడు, డాక్టరు సూది గుచ్చే ముందు చూసినట్టు. అక్క తల ఊపేది. అయ్యాక సముద్రం మీద పరీక్షకి నేను చెప్పులు విడిచి తయారయ్యాను.

"నువ్వు అక్కర్లేదు. నీ కొంచెం మీద నాకు నమ్మకం లేదు," అని బావే కూర్చున్నాడు.

బకెట్ పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. చుక్కాని అక్క పట్టుకుంది. రేవు గోడ దాటామో లేదో ఆయనకి మొదలైంది. గాలికి పడవ ఒరిగింది. వాంతికీ వాంతికీ మధ్య బావ చేతుల మీద పాకుతూ వెళ్ళి, గాలి తగలని పక్క వైరు మీద వేలు పెట్టి నొక్కాడు. "కొంచెం," అన్నాడు. తర్వాత వెల్లకిలా పడుకున్నాడు. ఒక కన్ను మూసి స్తంభం వెంట పైకి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఏమీ అనలేదు.

అక్క మొహం వెలిగింది. నాకూ మెచ్చుకోవాలనిపించింది, బావమరిదిని కాబట్టి దగ్గి ఊరుకున్నాను.

అప్పుడు లేచి, గోడలు పట్టుకుంటూ లోపలికి దిగి, బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సాఫీగా పడింది. గడియ చప్పుడు పైకి వినిపించింది.

అక్క చుక్కాని దగ్గరనుంచే పిలిచింది. "ఏం చేస్తున్నారు?"

"తలుపు చూస్తున్నా."

"పడిందా?"

"పడింది."

"అయితే వచ్చేయండి."



"ఉండు," అన్నాడు బావ. గొంతు బాగాలేదు. అది వాంతుల గొంతు కాదు.

అక్క తెరచాప తాడు సడలించింది. ఆయనకి కుదుపు తగ్గేలా పడవ నెమ్మదిగా నిటారుగా నిలబడింది. ఆయన తలుపు తీసేదాకా అలాగే ఉన్నాం.