లేని పడవలో తిరుగు ప్రయాణం

హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసిపోయిందని మా ఊళ్లో డప్పు కొట్టి చెప్పి అప్పటికి రెండేళ్లు దాటింది. రాజ్యం కలిసింది కానీ, ఆ ముచ్చట రేవు దగ్గర వచ్చేపోయే వాళ్లను ఆపి చూసే నాకాకు ఎవరూ చెప్పినట్టు లేరు. గోదావరిలో ప్రాణహిత కలిసే చోట, కరీంనగర్ జిల్లా ఒడ్డున మా ఊరు. ఎదుటి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. ప్రాణహిత అవతలి ఒడ్డు మాత్రం నాకా లెక్కలో ఇంకా వేరే రాజ్యం. అక్కడికి పోవాలంటే చీటీ, రావాలంటే చీటీ. మనిషి ఎవరు, ఏం పని మీద పోతున్నాడు, ఎన్ని రోజులుంటాడు, తిరిగి ఎట్లా వస్తాడు, అన్నీ అందులో రాయాలి. ఆ చివరి ముక్కే మా కొంప ముంచింది.

మా ఆయనకు తెరచాప పడవ పిచ్చి పట్టింది. మా పొలంలో సగం గోదావరి అవతల, ఆదిలాబాద్ ఒడ్డున ఉండేది. పాత పడవ అడుగు పుచ్చిపోయింది. గడవేసి తోసి తోసి ఆయన భుజం దెబ్బతిన్నది. ప్రాణహిత అవతల ఒక వడ్లాయన టేకు పలకలతో పడవలు కడతాడనీ, తెరచాప ఎత్తితే గాలే తీసుకుపోతుందనీ ఎవరో చెప్పారు. మా ఆయన కబురు పంపితే, పున్నానికల్లా పడవ తయారుగా ఉంటుందని వడ్లాయన తిరుగు కబురు పంపాడు. ఇక అన్నం తింటున్నా పడవే, ఎడ్లకు మేత వేస్తున్నా పడవే. నా మీద అంత ధ్యాస ఏనాడైనా పెట్టాడా అంటే, ఆ సంగతి అడగకండి.

కొత్త పడవను మగవాళ్లు ఊరికే తోలుకొని రాకూడదు. అది ఇంటికి వచ్చే కొత్త కోడలు లెక్క. ఇంటి ఆడమనిషి పోయి, పడవ ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు తానే కాలు పెట్టాలి. మా అత్తకు మోకాళ్ల నొప్పులు. అందుకని నేను పోవాల్సి వచ్చింది. అప్పటికి నా బిడ్డకు ఎనిమిదో నెల. పుట్టు వెంట్రుకలు వేములవాడ రాజన్నకు ఇచ్చేదాకా పిల్లను నది దాటించకూడదని మా ఇంటి కట్టు. ఒక కట్టు నన్ను నది దాటమంది, ఇంకో కట్టు నా బిడ్డను దాటొద్దంది. ఈ రెండు కట్లూ పెట్టినవాళ్లు పాలిచ్చే తల్లులు కారని నా నమ్మకం.

"మూడు దినాల్ల రానే వస్తిరి. ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను సూసుకుంట," అంది అత్త.

పిల్ల నా రొమ్ము తప్ప దేన్నీ నోట పెట్టేది కాదు. గిన్నెతో ఆవుపాలు పడితే ఉమ్మేసేది. అది నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

మా ఒడ్డు నాకాలో రాతపని చేసే మున్షీ చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పోవుడు అందరెక్కే ఘాటు పడవల. మరి వచ్చుడు?"

"మా పడవల," అన్నాడు మా ఆయన.

"ఏది ఆ పడవ?"

"అవతల ఉన్నది. కొనవోతున్నం."

"ఇంకా కొననే లే. లేని పడవల ఎట్లొస్తరు? తిరిగొచ్చే తొవ్వ సూపకుంటే నేను పోనియ్య."

"ఘాటు పడవలనే వస్తమని రాయుండ్రి," అన్నాను వెనక నుంచి. మా ఆయన నా వైపు ఉరిమి చూశాడు. అట్లా రాస్తే, కొత్త పడవ ఎవరిది, ఎందుకొచ్చింది అని వచ్చేటప్పుడు అడ్డం పడతారని ఆయన భయం. పోయి పట్వారీని పిలుచుకొచ్చాడు. పట్వారీ మా మేలు కోరేవాడే. తీరిగ్గా కూర్చొని, ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలతో రాసిచ్చాడు. భార్యాభర్తలిద్దరూ తమ సొంత పడవలోనే తిరిగి వస్తారు, మూడు రోజులు గడువు. "ఇగ పరేషాన్ లేదు," అన్నాడు. మున్షీ ముద్ర కొట్టాడు. మేము ఘాటు పడవ ఎక్కాము.

అవతలి నాకాలో ఉన్న పెద్దమనిషి మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. నెమ్మదస్తుడు. చీటీ చదివి, మడిచి, తన పెట్టెలో పెట్టుకున్నాడు. "బరే, మంచిది. పడవ ఒడ్డుకు తెచ్చిననాడు గీ చీటీ నా తాన తీస్కపోండ్రి," అన్నాడు.

వడ్లాయన ఇంటికి పోయి పడవను చూశాము. పలకలు బిగించి ఉన్నాయి కానీ సందుల్లోంచి ఎండ కనిపిస్తోంది. సందుల్లో నార కూరలేదు, పైన గుగ్గిలం నూనె పూయలేదు. "నారకు మనిషిని తోలిన. రేపొస్తడు," అన్నాడు వడ్లాయన. రేపు వచ్చింది, ఎల్లుండి కూడా వచ్చింది, నారకు పోయిన మనిషి మాత్రం రాలేదు.

మూడో రోజు పొద్దున నేనొక్కదాన్నే రేవుకు పోయాను. పడవ, ఆయన ఇక్కడే ఉండనీ, నేను నా బిడ్డ దగ్గరికి పోతాననుకున్నాను. ఘాటు పడవవాడు చీటీ ఏదన్నాడు. చీటీ కోసం నాకాకు పోతే పెద్దమనిషి పెట్టెలోంచి తీసి మళ్లీ చదివాడు.

"అక్కా, మీ పడవల మీరిద్దరు పోవాలని ఇండ్ల ఉన్నది. నిన్ను ఘాటు పడవ ఎక్కిస్తే నా నౌకరీ పోతది."

"ఇంటికాడ పాలు తాగే పిల్లున్నది సారూ. మూడు దినాల గడువు సుత అయిపాయె."

"గడువుకు ఫికర్ వద్దు. పడవ తయారయ్యేదాంక ఉండొచ్చని నేనే రాసిస్త."

రాశాడు కూడా. అంత మంచితనంతో మనిషిని కట్టేయడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. తిట్టేవాడైతే తిరిగి తిట్టేదాన్ని. ఇతనికి దండం పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెనక్కి వచ్చాను.

ఇక పడవ పూర్తయ్యేదాకా కదిలే దారి లేదు. చాటుగా దాటించే జాలరివాళ్లు ఎవరైనా దొరుకుతారేమో చూడమని మా ఆయనను అడిగాను. "సంఘపోల్లనుకొని కాలుస్తరే. పిల్లకు తల్లి లేకుంట జేస్తవా?" అన్నాడు. సంఘంలోని కమ్యూనిస్టుల కోసం పోలీసులు వేటాడుతున్న ఆ రోజుల్లో అది ఉత్త భయం కాదు.

నాలుగో రోజుకు నా రొమ్ములు రాళ్లయ్యాయి. జ్వరం తగిలింది. వడ్లాయన భార్య వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, పాలు పిండి గోడ మొదట్లో పొయ్యమంది. రోజుకు ఐదారు సార్లు నా బిడ్డ తిండిని నా చేత్తో మట్టిలో పోశాను. ఆ గోడ దగ్గర నిలబడితే నది అవతల మా ఊళ్లో లేచే పొగ కనిపించేది. ఇంత దగ్గరగా కనిపించకుండా ఉంటే బాగుండేదని ఏడ్చాను.

ఆరో రోజు ఘాటు పడవవాడు కబురు తెచ్చాడు. "పిల్ల మంచిగున్నదట. రంధి పెట్టుకోవద్దన్నది మీ అత్త."

"పాలు తాగుతున్నదట్నా?"

"గది చెప్పలే అక్కా."

ఆ చెప్పని మాటను పట్టుకొని నేను రెండు రోజులు నిద్రపోలేదు. మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "నీ పడవ నువ్వు తెచ్చుకుంటవు. నా పిల్లను ఎవలు తెచ్చిస్తరు?" అన్నాను. "నన్నేం జెయ్యమంటవు? ఈదుకుంట పోవాల్నా?" అని ఆయన ముఖం తిప్పుకున్నాడు. అది ఆయనకూ కూతురే అన్న సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎనిమిదో రోజు నార వచ్చింది. వడ్లాయన సందులు కూరి, గుగ్గిలం నూనె పూసి, అది ఆరడానికి ఇంకా ఐదు రోజులు పడుతుందని చల్లగా చెప్పాడు. నేను లేచి నేరుగా నాకాకు నడిచాను.

"సారూ, చీటీల పడవ అని ఉన్నదా, మంచి పడవ అని ఉన్నదా?"

పెద్దమనిషి అద్దాలు సర్దుకొని చూశాడు. "పడవ అనే ఉన్నది."

"నీళ్ల మీద తేలితే పడవే గదా?"

ఆయన చీటీ మడిచి, "తేలితే పడవే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పడవను నీళ్లలోకి దింపించాను. నూనె ఆరకుండా దింపితే తన పేరు పోతుందని వడ్లాయన మొత్తుకున్నాడు. ఇన్నేండ్ల కోరిక నాశనం చేస్తున్నావని మా ఆయన పళ్లు కొరికాడు. ముహూర్తమైనా చూడమన్నారు. నేను పసుపు తీసి ముక్కుకు రాశాను, బొట్టు పెట్టాను, కాలు పెట్టాను. నాకా పెద్దమనిషి వచ్చి, పడవను చూసి, తల పంకించి చీటీ చేతికిచ్చాడు.

నది సగానికి పోకముందే సందుల్లోంచి నీళ్లు రావడం మొదలైంది. నేను గిన్నెతో తోడిపోస్తున్నాను. ఆయన తెరచాప ఎత్తాడు. గాలి నిండగానే పడవ ఉరికింది, ఆ మాట కాదనలేను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకు ఒళ్లు మండింది.

మా ఒడ్డు ఇరవై బారలుందనగా మున్షీ బయటికి వచ్చి చెయ్యెత్తాడు.

"ఆగుండ్రి! ఒడ్డుకు ఆనిచ్చొద్దు. గది పరాయి రాజ్యం సరుకు. ఠాణా నుంచి అమీన్ సాబ్ వచ్చి సూసేదాంక ఎవ్వరు దిగొద్దు."

"సాబ్ ఎప్పుడొస్తడు?" అన్నాడు మా ఆయన.

"మాపటికో, రేపటికో."

"సొంత పడవల వస్తమని నువ్వే ముద్ర కొడితివి గదా?"

"పోయేటప్పుడు మీకు పడవ లేకుండె. ఇప్పుడున్నది. గీ పడవ సంగతి సాబే తేల్చాలె."

పడవలో నీళ్లు నా మడమలు దాటాయి. తెరచాప చూసి వచ్చినట్టుంది, ఒడ్డు మీద అత్త నిలబడి ఉంది, చంకలో నా బిడ్డ. మా ఆయన మున్షీకి చేతులు జోడిస్తున్నాడు. నేను గిన్నె పక్కన పడేసి అంచు దాటి నదిలోకి దిగాను. నీళ్లు ఛాతీదాకా వచ్చాయి.

"ఏయ్, ఎక్కు! ఎక్కు పడవ!" అని మున్షీ అరిచాడు.

"నేను సరుకును గాదు. రాసుకుంటవా, రాసుకో!" అని నేనూ అరిచాను. నాకా జవాను ఎదురొచ్చాడు కానీ తడిసిన ఆడమనిషి మీద చెయ్యి వెయ్యలేక పక్కకు జరిగాడు.

అత్త చేతుల్లోంచి పిల్లను లాక్కున్నాను. ఒళ్లు కాస్త చిక్కింది, అంతే, బాగానే ఉంది. నాకాకు వీపు తిప్పి, అక్కడే ఇసుకలో కూలబడి రొమ్ము నోటికి ఇచ్చాను. పాలు వాటంతట అవే కారుతున్నాయి. పిల్ల నా ముఖం వైపు కొత్తవాళ్లను చూసినట్టు చూసింది. పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకుంది. మళ్లీ పెట్టాను. వెనక్కి విరుచుకొని, అత్త వైపు చేతులు చాచి గుక్కపట్టి ఏడ్చింది.

అత్త మెల్లగా పిల్లను తీసుకుంది. కొంగులోంచి గుడ్డ పీలిక తీసి, వెంట తెచ్చిన పాలచెంబులో ముంచి, నోట్లో పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి చప్పరించింది.

"మేకపాలకు మరిగింది బిడ్డా," అంది అత్త. "నువ్వు రాకపోతివి. అది బతకాల్నాయె గదా."

నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. ఉన్నదే చెప్పింది. నెల రోజులు ప్రయత్నించాను. నా బిడ్డ మళ్లీ నా పాలు తాగలేదు.