వానాకాలంలో చిరపుంజి

"జూలైలో చిరపుంజి ఎవరైనా వెళ్తారా అమ్మా? కొండచరియలు విరిగిపడతాయంట. అక్టోబరు దాటాక రమ్మని టూర్ల వాళ్ళే చెప్తున్నారు," అన్నాడు సతీష్‌కుమార్.

"అక్టోబరు దాటితే వానలుంటాయా?" అడిగింది కోటేశ్వరమ్మ.

"ఉండవు. అందుకేగా అప్పుడు వెళ్ళమనేది."

"నాకు కావాల్సింది వానేరా."

తిరువూరు మెయిన్ రోడ్డులో వాళ్ళది విత్తనాలు, ఎరువుల దుకాణం. ముప్ఫై ఎనిమిదేళ్ళ క్రితం ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆమె ప్రయాణాలన్నీ ఆకాశం చెప్పినట్టే జరిగాయి. తొలకరి పడిందంటే వినగడప, పెనుగొలను రైతులు పత్తి విత్తనాల కోసం పొద్దున్నే వచ్చి నిలబడేవారు. ఇక షట్టరు దించే వీలుండేది కాదు. పిల్లలకు సెలవులుండే మే నెలలో ఎండకు గుమ్మం దాటలేకపోయేవారు. మిగిలింది డిసెంబరు. భర్త శ్రీరాములు అప్పుడే ఊటీ, మైసూరు, అరకు తిప్పుకొచ్చాడు. వాన కోసం ఆమె ఎన్ని వేల సార్లు మబ్బుల వంక చూసిందో గానీ, తీరిగ్గా వానలో నిలబడింది మాత్రం ఒక్కసారీ లేదు.

ఇప్పుడు ఆమెకు అరవై. దుకాణం కొడుకు చూసుకుంటున్నాడు.

"మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఆ తడిలో ఏం చేస్తావు? నేను రాను," అన్నాడు శ్రీరాములు.

"రాకపోతే మానెయ్యండి. నన్ను మాత్రం ఆపకండి."

పక్కింట్లో ఉండే రిటైర్డు టీచరు ప్రమీలారాణిని తోడు తీసుకుని విజయవాడలో రైలెక్కింది. ఒడిశాలో ఎండ కాస్తోంది. బెంగాల్లో ముసురు పట్టింది. అస్సాంలో పొలాలు చెరువుల్లా ఉన్నాయి. "మన ఎ.కొండూరు వైపు ఇంకా దుక్కే తడవలేదు, చూడండి," అంది కోటేశ్వరమ్మ కిటికీ వదలకుండా.

రైలు దిగి కారు మాట్లాడుకున్నారు. షిల్లాంగ్ దాటాక డ్రైవరు కారు ఆపేశాడు. ఎదురుగా రోడ్డు నిండా మట్టి, బండరాళ్ళు. వెనక్కి షిల్లాంగ్‌కే తిప్పక తప్పలేదు. సాయంత్రం సతీష్‌కుమార్ ఫోను చేశాడు.

"నేను చెప్పానా? రేపే బయల్దేరి వచ్చెయ్యండి."

"రోడ్డు తెరిచేదాకా ఇక్కడే ఉంటాను. మూసిన దారిలో పోను, అలాగని చూడకుండానూ రాను."

రెండు రోజులు లాడ్జిలోనే గడిచాయి. బట్టలు ఆరడంలేదని ప్రమీలారాణి విసుక్కుంది. "తడివే కట్టుకుందాం లెండి," అంది కోటేశ్వరమ్మ.

మూడో రోజు దారి తెరిచారు. చిరపుంజిలో జలపాతం పొగమంచులో కనబడనేలేదు. రోడ్డు పక్క చేలో ఇద్దరు ఆడవాళ్ళు, వాన తగలకుండా వెదురుతో అల్లిన పెద్ద చిప్పలాంటిది వీపు మీద బోర్లించుకుని, వంగి పని చేసుకుంటున్నారు. కోటేశ్వరమ్మ కారు దిగింది. డ్రైవరు గొడుగు పట్టబోతే వద్దని చెయ్యి ఊపింది. నెత్తిన వాన దబదబా కొట్టింది. చీర బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంది. కళ్ళజోడు తీసి గుప్పిట్లో పెట్టుకుని, మొహం పైకెత్తి, ఊపిరాడక ఉక్కిరిబిక్కిరయ్యేదాకా అలాగే నిలబడింది. చేలోని ఆడవాళ్ళు పని ఆపి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తిరుగు రైల్లో జ్వరం తగిలింది. ప్రమీలారాణి మాత్ర వేసి దుప్పటి కప్పింది. అప్పుడే శ్రీరాములు ఫోను.

"అంత దూరం పోయి ఏం చూశావు?"

"వాన చూశానండి."

"అంతేనా?"

"అంతే. వచ్చే జూలైలో మళ్ళీ పోతున్నా. మీరొస్తే ఇద్దరం, రాకపోతే నేనొక్కదాన్నే," అంది కోటేశ్వరమ్మ దగ్గుతూ.