చక్రాల ఇంటికి వాస్తు

"తూర్పు ఎటున్నది?" అని అడగందే మా మేస్త్రి సుత్తి ముట్టేవాడు కాదు. ఆయనది జగిత్యాల వైపు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒకే షెడ్డులో పనిచేశాం. క్యాంపింగ్‌కని మా యజమాని కఫీల్ చక్రాల మీద నడిచే ఇల్లు, ఒక పాత కారవాన్ కొని, బాగుచెయ్యమని లాక్కొచ్చినప్పుడూ మేస్త్రి అదే అడిగాడు.

తుప్పు గీకాం, కారే పైకప్పుకు అతుకులు వేశాం. నేను వైరింగ్ మార్చాను. మేస్త్రి మాత్రం గ్యాస్ పొయ్యిని పీకి తలుపు పక్క మూలకు తెచ్చాడు.

"గిప్పుడు ఆగ్నేయంల వడ్డది."

"అన్నా, దీనికి చక్రాలున్నయే! బండి మలిపితే ఆగ్నేయం ఏడుంటది?"

"మలపొద్దని చెప్తం తియ్."

చెప్పాడు కూడా, వచ్చీరాని అరబీలో, తలుపు తూర్పుకే ఉండాలని. కఫీల్ నవ్వి తీసుకుపోయాడు.

శుక్రవారం కొండమీది నుంచి కఫీల్ ఫోన్ చేశాడు. పొయ్యి వెలగడం లేదట. తలుపు ఎటుందని మేస్త్రి అడిగాడు. పడమటికట. తిప్పమన్నాడు. తిప్పగానే వెలిగింది. పొయ్యిని తలుపు పక్కకు మార్చడంతో పడమటి గాలి తగిలిందని, బండి తిప్పేసరికి ఆ గాలి తప్పిందని నేనెంత మొత్తుకున్నా మేస్త్రి వినలేదు. ఆ తర్వాత కఫీల్ బండి ఎక్కడ ఆపినా ముందు మేస్త్రికి ఫోన్ చేసేవాడు.

మా లేబర్ క్యాంపు గదిలో మేస్త్రి తల ఉత్తరానికి పెట్టి పడుకునేవాడు. వాస్తు పట్టింపున్నవాడెవడూ చచ్చినా అలా పడుకోడు. ఓసారి ఉండబట్టలేక అడిగాను.

"ఉత్తరం దిక్కు తల పెట్టినవేందన్నా?"

దుప్పటి దులుపుతూ, నాకింత కూడా తెలియదా అన్నట్టు చూశాడు.

"గిదేమన్న ఇల్లారా?"