మైకులో నేను మార్చి చెప్పిన రష్యా కథ

1958. తిరుమలగిరి సంత పక్కన, ఒక దొరగారి జాగాలో మా టూరింగ్ టాకీస్ డేరా వేశాం. ఊరూరా తిరిగే ఆ సినిమాకు నేను మేనేజర్ని, అనౌన్సర్ని కూడా. మాకున్నది ఒకటే ప్రొజెక్టర్. ఒక రీలు తీసి ఇంకొకటి ఎక్కించేదాకా దీపాలు వేసేవాళ్లం. హిందీ సినిమా ఆడేటప్పుడు ఆ సందులో నేను మైకు పట్టుకుని కథ తెలుగులో చెప్పాలి. బజారు ఉర్దూ తెలిసినవాళ్లకు కూడా సినిమాలో మాటలు సగమే అందేవి. ఇక ఆడవాళ్లకు నేను చెప్పిందే కథ.

మొన్న ఆ ఊరు వెళ్లినప్పుడు, పూర్వం మల్లమ్మ అనే ఆమె కల్లు తాగొచ్చి డేరాలో ఆట చెడగొట్టిందని ఎవరో చెప్పి నవ్వారు. ఆమె ఆ రోజు తాగలేదు. జరిగింది నాకు తెలుసు.

అప్పుడు ఆడుతున్నది ఒక పేరున్న రష్యన్ నవలను బొంబాయివాళ్లు మన దేశపు కథగా మార్చి తీసిన సినిమా. జమీందారు ఇంటి కుర్రవాడు పనిపిల్లను మోసం చేసి వదిలేస్తాడు. ఏళ్ల తర్వాత ఆమె చేయని దొంగతనానికి బోనులో నిలబడుతుంది. తీర్పు చెప్పేవాళ్లలో అతనూ ఉంటాడు. ఆమెను గుర్తుపట్టి లేచి, ఈమె బతుకు పాడుచేసింది నేనేనని నిండు కోర్టులో ఒప్పుకుంటాడు.

మొదటి రోజు ఆట వదిలాక మల్లమ్మ నా దగ్గరికి వచ్చింది. వయసులో ఉండగా దొర గడీలో పనిచేసిన మనిషి. పెళ్లి కాకుండానే అక్కడ కూతురు పుట్టింది. తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"సారూ, గా పిలగాడు తప్పు నాదే అన్నది నిజంగ సినిమాల ఉన్నదా, నువ్వు కలిపి జెప్పినవా?"

"సినిమాలనే ఉన్నది. రష్యా దేశం కథ."

"గాడ గూడ దొరలున్నరా?"

"ఉంటుండె."

"రేపు నా బిడ్డ సత్తెమ్మను తోల్కొస్త. నేనే చెడ్డదాన్నని నాతోని మాట్లాడుతలేదు. నా మాట ఇనది, నీ మాట ఇంటది. జర గట్టిగ జెప్పు సారూ."

చెప్తానన్నాను.

మరునాడు పొద్దున దొరగారి గుమాస్తా వచ్చాడు.

"ఏమయ్యా, డేరా ఎవని జాగల ఏసినవ్?"

"దొరగారి జాగలనే."

"జాగ దొరది, మల్ల దొరనే కోర్టుల నిలబెడ్తవా?"

"గది రష్యా కథనయ్యా."

"గట్లయితె రష్యాల ఆడిచ్చుకో. ఈడ గా ముక్క కనబడొద్దు."

ఆపరేటర్‌తో చెప్పి కోర్టు భాగం కత్తిరించి, రెండు కొసలూ ఫిల్ముకు వాడే జిగురుతో అతికించాం. దీన్ని మేం జాయింట్ అనేవాళ్లం. అంతవరకు గుమాస్తా చేయించిన పని. తర్వాతది నా సొంతం. ముక్క పోవడంతో, గడీలాంటి ఇంట్లో ఉన్న పిల్ల ఉన్నట్టుండి జైల్లో కనబడుతుంది. మధ్యలో ఏం జరిగిందో జనం అడుగుతారు. కథ తెగితే అనౌన్సర్‌కు నామోషీ అని నేర్చుకున్నవాణ్ని. జైలుకు ఒక కారణం కావాలి. తేలికగా దొరికింది.

సాయంత్రం ఆటకు మల్లమ్మ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. మైకు అందుకుని చెప్పాను: "ఆ పిల్ల దొరబిడ్డను వలలో వేసుకోవాలని చూసింది. కుదరక ఇంట్లో సొమ్ము దొంగిలించింది. చేసిన పాపానికి జైలు పాలైంది."

మల్లమ్మ లేచింది. "అబద్దం! నిన్న గట్ల జెప్పలే. గా పిలగాడు తప్పు ఒప్పుకున్నడు!"

"మల్లమ్మా, సినిమా నువ్వే దీసినవా ఏంది?" అన్నాడొకడు.

"దీసుడెందుకు? గడీల ఆమెదే గద సినిమా!" అన్నాడు ఇంకొకడు. డేరా అంతా నవ్వింది.

సత్తెమ్మ తల్లి కొంగు పట్టి లాగింది. "కూసోయే అమ్మా, ఉన్న ఇజ్జత్ దీస్తున్నవ్."

"సారూ, నిన్న ఏం జెప్పినవో జెప్పు. ఒక్కసారి జెప్పు."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. గుమాస్తా ముందు కుర్చీలో ఉన్నాడు.

"నిన్న గూడ గిదే జెప్పిన. తాగొచ్చి లొల్లి పెట్టకు, కూసో" అన్నాను.

సత్తెమ్మ లేచి, తల్లి కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఆ వారమే నాగార్జునసాగర్ పనికి పోయే కూలీల వెంట ఊరు విడిచిందని విన్నాను. మళ్లీ తల్లి గడప తొక్కలేదు.

తర్వాతి మకాం రామన్నపేట. అక్కడ డేరా వేసింది ఏ దొర జాగాలోనూ కాదు కాబట్టి కోర్టు ముక్క మళ్లీ అతికించాం. మైకులో బ్రహ్మాండంగా చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు.

చాలా ఏళ్లకు మల్లమ్మ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనన్నాను. ఆమె చేటలో కందులు చెరుగుతూ తల ఎత్తలేదు.

"నాకెందుకు జెప్తవ్ సారూ? నాకు తెల్వదా? నా బిడ్డకు జెప్పు."

సాగర్ పని అయ్యాక సత్తెమ్మ ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. మైకు పట్టుకున్న మనిషి ఒక్క సాయంత్రంలో చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి అదే డేరా, అదే జనం మళ్లీ దొరకరని నా వృత్తి నాకు నేర్పింది. అందుకే పత్రికలో రాస్తున్నాను. సత్తెమ్మా, ఆ సినిమాలో తప్పు ఒప్పుకున్నది మగవాడే. మీ అమ్మ చెప్పింది నిజం.